ఒంగోలులో అద్దె ఇల్లు వెతికిపెట్టే బ్రోకరు: అయిదుకు మూడున్నర

ఒంగోలులో అద్దె ఇల్లు కావాలంటే గేట్లకు కట్టిన టు-లెట్ బోర్డులు చూసుకుంటూ ఎండలో బండి మీద తిరగాలి, లేదంటే బ్రోకరును పట్టుకోవాలి. మా అత్తమ్మ మెట్లెక్కలేరు, కింది పోర్షనే కావాలి. అందుకని ఈసారి బ్రోకరు దగ్గరికే వెళ్లాం. కర్నూలు రోడ్డు వైపు ఒక చిన్న గది, ఒక టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ నిండా మేకులకు వేలాడే తాళంచెవులు, అంతే ఆఫీసు. ఆయన మీద నాకు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయను.

ఆయన మొదట అడిగింది ఎన్ని గదులు కావాలి, ఎంతలో కావాలి అని కాదు. "మేడం, మీ ఆఫీసు ఒంగోలులోనా, మండలంలోనా?" అన్నాడు. నేను గవర్నమెంటు ఉద్యోగిని, ఇక్కడే అన్నాను. "అయితే పదహారు" అని నోటుబుక్కులో రాసుకున్నాడు. అది నా హెచ్‌ఆర్‌ఏ శాతం. నా జీతంలో ఇంటద్దె అలవెన్సు ఎంతో మీకెందుకు అంటే, "నేను అడక్కపోయినా ఓనర్ అడుగుతాడు మేడం, ముందే తెలిస్తే నేను మాట్లాడుకోవచ్చు" అన్నాడు. వినడానికి చిరాకే. కానీ ఈ ఊళ్లో అద్దెలు ఎలా నడుస్తాయో అంత సూటిగా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

ఉద్యోగులు కానివాళ్ల కోసం కొంచెం వివరం. హెచ్‌ఆర్‌ఏ మనం కాపురముండే ఊరిని బట్టి రాదు, పనిచేసే ఊరిని బట్టి వస్తుంది. బేసిక్, అంటే మూల వేతనం, 40 వేలు అనుకుందాం. ఒంగోలు ఆఫీసులో ఉంటే 16 శాతం, అంటే 6,400. అదే మనిషిని కొండపి లాంటి చిన్న మండల కేంద్రానికి బదిలీ చేస్తే 10 శాతం, అంటే 4,000. పిల్లల చదువు కోసం కాపురం ఒంగోలులోనే ఉంచి రోజూ బస్సెక్కి పోయి వచ్చేవాళ్లు మా ఆఫీసువాళ్లలోనే ఉన్నారు. వాళ్ల అద్దె ఒంగోలుది, అలవెన్సు కొండపిది.

ఈ 16 కూడా ఊరికే రాలేదు. 2022 జనవరి 17న రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పీఆర్సీ (వేతన సవరణ) జీవోల్లో, అంతకుముందున్న 12, 14.5, 20 శాతం శ్లాబులు తీసేసి, 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లన్నిటికీ 8 శాతమే అన్నారు. 5 లక్షలు దాటితే 16. ఒంగోలు జనాభా 2011 లెక్కల్లో రెండు లక్షల పైచిలుకు, కాబట్టి మాకు 8. పైగా అప్పటిదాకా ఐఆర్ (మధ్యంతర భృతి) 27 శాతం తీసుకుంటుంటే ఫిట్‌మెంట్, అంటే కొత్త జీతంలో కలిపే పెంపు, 23 శాతమే అన్నారు. ఫిబ్రవరి 3న ఉద్యోగుల చలో విజయవాడ నిరసన జరిగింది, సమ్మె దాకా పోయింది, 5వ తేదీ రాత్రి మంత్రుల కమిటీతో ఒప్పందం కుదిరింది. 50 వేల లోపు ఊళ్లకు 10 శాతం, 2 లక్షల దాకా 12, ఆ పైన 50 లక్షల దాకా 16, ఈ 16కు సీలింగు 17 వేలు. అలా ఒంగోలు 8 నుంచి 16కు వచ్చింది.

అప్పట్లో మేము లాయర్‌పేటలో ఉండేవాళ్లం. ఓనరు రిటైరైన పెద్దాయన, పొద్దున్నే పేపరు తేదీ దగ్గర మొదలుపెట్టి వర్గీకృత ప్రకటనల దాకా చదివేవాడు. జనవరిలో మాకు 8 శాతం అని వార్త వచ్చినప్పుడు మా ఆయన వెళ్లి, అద్దె ఒక వెయ్యి తగ్గించండి బాబాయ్ అని అడిగాడు. "అది మీకూ గవర్నమెంటుకూ మధ్య సంగతి నాయనా, నా ఇంటి పన్ను తగ్గిందా?" అన్నాడు. న్యాయమే అనుకున్నాం. ఫిబ్రవరిలో 16 అని తేలిన వారానికి అదే పెద్దాయన మా గుమ్మంలోకి వచ్చి, "పదహారొచ్చిందంటగా, మార్చి నుంచి ఒక అయిదొందలు వెయ్యండి" అన్నాడు. అప్పుడు మాత్రం అది ఆయనకూ మాకూ మధ్య సంగతి అయింది! మా అలవెన్సు తగ్గితే ఆయనకు సంబంధం లేదు, పెరిగితే ఆయనకు వాటా ఉంది. ఈ ఊళ్లో చాలామంది ఓనర్లకు ఉద్యోగి బేసిక్ ఉద్యోగి కంటే బాగా తెలుసు.

బ్రోకరుకు నేను మార్కులు వేసేది ఇక్కడే. మేము ఖాయం చేసుకున్న మంగమూరు రోడ్డు ఇంటికి ఓనరు 11 వేలు చెప్పాడు. ఈయన మా ముందే, "ఆమెకు వచ్చే అలవెన్సు ఏడు కూడా లేదండీ, మీరు పదకొండంటే మిగతాది కడుపు మాడ్చుకుని కట్టాలి, ఆర్నెల్లకు ఖాళీ చేస్తారు, మళ్లీ నన్నే పిలుస్తారు" అని మొహమాటం లేకుండా చెప్పి తొమ్మిదిన్నరకు దించాడు. అడ్వాన్సు మూడు నెలలది రెండు నెలలకు తెచ్చాడు. నా జీతం లెక్క ఓనర్లకు అనుకూలంగా వాడతాడేమోనని నాకున్న టెన్షన్ అక్కడితో పోయింది.

నీళ్ల విషయంలోనూ అబద్ధమాడడు. ఒంగోలులో మునిసిపల్ కుళాయి రోజూ రాదని అందరికీ తెలుసు. సాగర్ కుడి కాలువ నీళ్లు సమ్మర్ స్టోరేజి ట్యాంకుల్లోకి చేరితేనే ఊరికి నీళ్లు. అందుకని ఈయన ఇల్లు చూపించేటప్పుడు ముందు హాలు చూపించడు, సంపు మూత తీసి చూపిస్తాడు. ఎంత లోతు, ఎన్ని కుటుంబాలకు కలిపి, మోటారు కరెంటు ఎవరి మీటరు మీద అన్నీ అక్కడే తేలుస్తాడు. భాగ్యనగర్‌లో మాకు నచ్చిన ఒక ఇంటి దగ్గర ఇద్దరి మధ్య మోటారు తగాదా ఉందని ఆయనే చెప్పాడు. పోతురాజు కాలువ దగ్గర చవకగా దొరికిన ఇంకో ఇంటికి, "వానాకాలం మంచాల మీద కూర్చుంటారా మేడం?" అని చూపించకుండానే తీసేశాడు. కమీషన్ పోగొట్టుకుని నిజం చెప్పే బ్రోకరు దొరకడం కష్టం.

ఇక ఫిర్యాదులు. కమీషన్ ఒక నెల అద్దె, అదీ అగ్రిమెంటు మీద సంతకం కాకముందే చేతిలో పెట్టాలి. ఓనరు దగ్గర కూడా తీసుకుంటాడు. తిట్టుకుంటూనే ఇచ్చాను. రెండోది అద్దె రసీదు సంగతి. ఏడాదికి అద్దె లక్ష దాటితే పన్ను మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. ఓనర్లు ఇవ్వరు. అందుకని "రసీదు 8,300కు రాయిస్తాను, మిగతాది చేతికి ఇవ్వండి" అని ఈయన మామూలుగా చెబుతాడు, అందరూ చేసేదేగా అన్నట్టు. కొత్త పన్ను పద్ధతిలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు, నాకు ఆ రసీదుతో పనిలేదు, వద్దన్నాను. పాత పద్ధతిలో ఉన్నవాళ్లకు మాత్రం ఇది చిక్కే. ఇచ్చే అద్దెకూ రాసే అద్దెకూ తేడా వచ్చినప్పుడు నష్టపోయేది అద్దెకున్నవాళ్లే.

మూడోది "మీరేంట్లు?" అనే ప్రశ్న, అంటే కులమేంటని. ఓనర్ల కోసం అడుగుతున్నానంటాడు. అడిగేది మాత్రం ఆయన నోరే.

మార్కుల్లో అన్నిటికంటే పెద్ద కోత వేరే దానికి. మేమిప్పుడు ఉంటున్న ఇంటి పై పోర్షన్‌లో బట్టల షాపులో పనిచేసే అమ్మాయి, వాళ్లమ్మ ఉంటారు. ఆ అమ్మాయికి హెచ్‌ఆర్‌ఏ లేదు, పీఆర్సీ లేదు, అద్దె మాత్రం మా అలవెన్సు చూసి పెట్టిన అద్దే. ఈ వీధిలో ఎవరు దిగినా అదే రేటు. ఆమె ఇదే బ్రోకరు దగ్గరికి వెళితే, "ఉద్యోగస్తులకే ఇమ్మన్నారమ్మా" అని బల్ల మీద నుంచి తల కూడా ఎత్తలేదట. ఆ ఇల్లు ఆమె సొంతంగా బోర్డు చూసి తెచ్చుకుంది, పదివేలకు. మా కింది పోర్షన్ కంటే అయిదొందలు ఎక్కువ, పైగా ఎండాకాలం స్లాబు సెగ. బేరమాడే మనిషి అవసరం మాకంటే ఆమెకే ఎక్కువ ఉంది. మూడున్నర అన్నది అందుకే, లేకపోతే నాలుగున్నర వేసేదాన్ని.

బదిలీల మీద ఒంగోలు వచ్చేవాళ్లకు నా మాట: మే నెలలోనే వెళ్లి చెప్పి ఉంచండి, స్కూళ్లు తెరిచాక మంచి ఇళ్లు ఉండవు. కమీషన్ సగం ముందు, సగం ఇల్లు చేరాక అని గట్టిగా అడగండి, మా తర్వాత వెళ్లిన మా కొలీగుకు ఒప్పుకున్నాడు. ఫోన్ మధ్యాహ్నం భోజనమయ్యాక నాలుగింటి దాకా ఎత్తడు, ఆ టైములో చేసి తిట్టుకోవద్దు.