బ్రేక్ ఆయిల్ మార్చామని బిల్లు ఇస్తే నమ్మకండి, దగ్గరుండి చూడండి

షెడ్డు పేరు రాయడం లేదు, హైవే పక్కన పెద్ద బోర్డు పెట్టుకున్నదే, మన కోనసీమ వైపు కార్లున్నవాళ్లలో చాలామంది అక్కడికే వెళ్తారు. పోయిన నెల నేనూ అక్కడే సర్వీసు చేయించాను. బిల్లులో బ్రేక్ ఆయిల్ మార్చినందుకు విడిగా 1,100 వేశారు. మొత్తం మార్చారా అని అడిగాను కూడా. "ఆయ్, పాతది చుక్క లేకుండా తీసేశామండి, ఇంక రెండేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు ఓనరు.

ఆదివారం అమ్మని, పిల్లల్ని తీసుకుని మారేడుమిల్లి మీదుగా భద్రాచలం బయలుదేరాం. ఘాట్ దిగుతుంటే ఒక మలుపులో పెడల్ మెత్తబడింది, తర్వాత మలుపులో తొక్కితే నేల దాకా దిగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. రెండో గేరు, ఒకటో గేరు, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ కొండ వైపు మట్టిలోకి తిప్పి ఆపాను. వెనక సీట్లో అమ్మ పిల్లలిద్దరినీ ఒళ్లోకి లాక్కుని ఉంది. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్లలోంచి పోవడం లేదు. ముప్పావుగంట చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది. ఒకటో గేరులోనే చింతూరు దాకా దిగాం.

అక్కడ మెకానిక్ బాబాయ్ చక్రాలు విప్పి నన్ను పిలిచి చూపించాడు. నాలుగు చక్రాల దగ్గరా గాలి తీసే నిపుల్స్ మీద మట్టి గట్టిపడి, తుప్పు పట్టి ఉంది. స్పానర్ పడిన గుర్తు ఒక్కదాని మీదా లేదు. అవి విప్పకుండా పాత ఆయిల్ బయటికి వచ్చే దారే లేదు. బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బాలో కాస్త కొత్తది పోశారు, పైపుల్లోంచి వచ్చింది మాత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది.

అక్కడి నుంచే ఓనరుకి ఫోన్ చేశాను. "బ్రేక్ ఆయిల్ అంటే పోసేదేనండీ, మీరు ఘాట్‌లో బ్రేక్ మీద కాలు తీయకుండా దిగుంటారు" అని పెట్టేశాడు. కాలు తీయని మాట నిజమే, కింది గేరులో దిగాల్సింది, ఆ తప్పు నాదే. కానీ పిల్లలు కూర్చునే బండి అని తెలిసి చేయని పనికి డబ్బు తీసుకున్న మనిషి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ఒక్క మాట అడగలేదు. డబ్బు పోయినందుకు కాదు, దానికే నాకు కడుపు మండుతోంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది, అందుకే బండి తక్కువ తిరిగినా పాడవుతుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి. మనం తొక్కే బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోతుంది, చక్రం దాకా చేరదు. కోనసీమ రోడ్లన్నీ బల్లపరుపు కాబట్టి బ్రేకులు అంత వేడెక్కవు, లోపం బయటపడదు. నాదీ ఇన్నాళ్లూ బాగానే ఆగింది మరి.

చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, మీ బండి మాన్యువల్ చూసుకోండి. మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. సీలు ఉన్న డబ్బా మీ ముందే తెరవాలి, నాలుగు చక్రాల దగ్గరా పాతది పోయి కొత్త రంగు వచ్చేదాకా తీయాలి, తీసిన పాత ఆయిల్ చూపించమనండి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగించండి, లేకపోతే రంగు లేచిపోతుంది.