ఆక్సిజన్ అలారం సెట్టు కొనే రొయ్యల రైతులకు జాగ్రత్త: ఆదివారం రాత్రి ఆగిపోయి, ఆగినట్టు చెప్పదు

విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు వనామి సాగు చేస్తూ చెరువుకు ఆక్సిజన్ అలారం పెట్టించుకోవాలనుకుంటున్న వారందరూ, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

నేను నెల్లూరులోని ఒక దుకాణంలో 68,000 రూపాయలు పెట్టి ఈ సెట్టు కొన్నాను. నీటిలో ఉండే మీటరు, గట్టు మీద షెడ్డులో ఒక చిన్న లైనక్స్ కంప్యూటరు పెట్టె, 5 నిమిషాలకొకసారి డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) చదివి అది 4 పీపీఎం కంటే తగ్గితే ఫోనుకు మెసేజ్ పంపే ప్రోగ్రాము ఇందులో ఉంటాయి. ఆ ప్రోగ్రామును వేళకు నడిపించేది యూనిక్స్‌లోనూ దాని తరహా లైనక్స్‌లోనూ తెర వెనుక ఉండే క్రాన్ అనే సర్వీసు. క్రాన్ ఆగితే రీడింగు ఉండదు, మెసేజూ రాదు. మెసేజ్ రాలేదంటే నీరు బాగుందనే మనం నిద్రపోతాం.

ఒక సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు చెరువు మీద కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, రొయ్య మూలల్లో తేలుతోంది, తొందరగా రా" అన్నాడు. చేతి మీటరు పెట్టి చూస్తే 2.1 ఉంది. నీటికి గాలి అందించే రెండు ఏరేటర్లు ఎప్పుడు ఆగాయో తెలియదు. 60 కౌంటుకు (కిలోకు 60 రొయ్యలు) వచ్చిన పంటలో చచ్చినవి ఏరి గట్టు మీద పోసుకున్నాం. పెట్టెలో చివరి రీడింగు ఆదివారం రాత్రి 11:30 నాటిది.

దుకాణం వారు కరెంటు హెచ్చుతగ్గులే కారణమని చెప్పి 9,500కు యూపీఎస్ అమ్మారు, మరుసటి వారం ర్యామ్ పోయిందని 4,200 తీసుకున్నారు, మూడోసారి క్రాన్ ఆగితే మళ్ళీ మొదలుపెట్టాలనే ఆదేశాన్ని, ఏ పని ఎప్పుడు చేయాలో క్రాన్ చూసుకునే పట్టికలోనే రాసి వెళ్ళారు. ఆగిపోయిన సర్వీసు తన పట్టికను తాను ఎలా చదువుతుందని అడిగితే వారి దగ్గర జవాబు లేదు. పెట్టెను ఆపి మళ్ళీ వేస్తే వారం రోజులు చక్కగా నడిచేది కాబట్టి నేనూ వారి మాట నమ్మాను.

చివరికి సర్వర్ల ఉద్యోగంలో ఉన్న మా మేనల్లుడు వచ్చి కూర్చున్నాడు. క్రాన్ 1979 నాటి యూనిక్స్ 7వ వెర్షన్‌లోనే ఉందని, ఇంత పాత సర్వీసు ప్రతి వారం ఒకే వేళకు దానంతటది పోదని, ఎవరో చంపుతున్నారని అతని మొదటి మాట. మెమరీ చాలక లైనక్స్ మూలభాగమైన కెర్నెలే చంపి ఉంటే, దాని సందేశాలు చూపే డీమెసేజ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ' అని కనబడాలి, అది లేదు. డిస్కు నిండలేదు. సర్వీసుల చిట్టా అయిన జర్నల్‌లో మాత్రం క్రాన్ గురించి 'డీయాక్టివేటెడ్ సక్సెస్‌ఫుల్లీ' అని, అంటే సవ్యంగా ముగిసిందని ఉంది. దానికి సరిగ్గా ముందు, సిస్‌లాగ్ అనే మరో చిట్టాలో, ప్రతి ఆదివారం రాత్రి 11:30కు, దుకాణం వారు పెట్టిన శుభ్రపరిచే స్క్రిప్టు నడిచినట్టు ఒక వరుస ఉంది.

ఆ స్క్రిప్టు తెరిస్తే సంగతి బయటపడింది. వారు తమ ప్రోగ్రాముకు 'డీఓక్రాన్' అని పేరు పెట్టుకుని, ఇరుక్కుపోయిన దాని కాపీలను తీసేయడానికి రూట్ (పెట్టె మీద పూర్తి) అధికారంతో 'పీకిల్ -ఎఫ్ క్రాన్' అని రాశారు; పీకిల్ అంటే పేరును బట్టి నడుస్తున్న ప్రోగ్రాములను ముగించే కమాండు. -ఎఫ్ పెడితే కమాండు వరుసలో ఎక్కడ ఆ అక్షరాలు కనిపించినా ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) చస్తుంది, కాబట్టి అసలు క్రాన్ కూడా పోతోంది. పైగా పీకిల్ మామూలుగా పంపేది 15వ నంబరు సిగ్నల్, సిగ్‌టర్మ్. ఆ సిగ్నల్‌తో ముగిసిన సర్వీసును, సర్వీసులను నడిపి చూసుకునే సిస్టమ్‌డీ వైఫల్యంగా లెక్కించదు. మా పెట్టెలో 'రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్' (విఫలమైతే మళ్ళీ మొదలుపెట్టు) అని ఉన్నా అది క్రాన్‌ను తిరిగి లేపకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ వరుసలో ప్రోగ్రాము పూర్తి పేరు పెట్టి, క్రాన్ సర్వీసుకు 'రీస్టార్ట్=ఆల్వేస్' (ఎలా ముగిసినా మళ్ళీ మొదలుపెట్టు) అని మార్చాం. వీటికంటే ముఖ్యంగా, పెట్టె గంటకొకసారి 'నడుస్తున్నాను' అని మా ఇంట్లోని వేరే కంప్యూటరుకు చెప్పాలి, చెప్పకపోతే ఆ కంప్యూటరే నాకు ఫోన్ చేస్తుంది. కొత్తగా కొనేవారు ఈ ఏర్పాటు ఉందా అని అడిగి, మీ కళ్ళ ముందే క్రాన్‌ను ఆపించి, ఫోన్ మోగిన తరువాతే డబ్బు కట్టండి. ఇప్పటికే ఇలాంటి సెట్టు ఉన్నవారు సోమవారం ఉదయం 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ క్రాన్' అని కొట్టి చూడండి. 'ఇనాక్టివ్, డెడ్' అని వస్తే మీ పెట్టెలోనూ అదే స్క్రిప్టు ఉండవచ్చు.

యూపీఎస్, ర్యామ్ కోసం తీసుకున్న 13,700 రూపాయలు తిరిగి ఇవ్వమని స్క్రిప్టు ప్రతితో సహా రాసి ఇచ్చి వచ్చాను. ఇంతవరకు వారు బదులివ్వలేదు.