ఓపినెల్ 8వ నంబర్ మడత చాకు: మన ముసురుకు ఎంతవరకు ఆగుతుంది?

ఓపినెల్ కొనాలనుకునేవాళ్లు ముందుగా ఉక్కు గురించే అడుగుతారు: కార్బనా, స్టెయిన్‌లెస్సా అని. వరంగల్, ములుగు దిక్కు వాడేవాళ్లు ముందు చూడాల్సింది పిడి. 1890లో ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండ ప్రాంతంలో పుట్టిన ఈ చాకుకు బీచ్ కర్ర పిడి. దాంట్లో కోసిన గాడి, గాడిలో బ్లేడు, అడ్డంగా ఒకే రివెట్టు, మెడ మీద తిరిగే ఉంగరం. లోపల స్ప్రింగు లేదు. నాలుగు రోజులు ముసురు పడితే కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది, గాడి ఇరుకై బ్లేడును రెండు పక్కలా పట్టేస్తుంది. అప్పుడు గోటితో ఎంత లాగినా రాదు. ఎండాకాలంలో అదే చాకు వదులవుతుంది.

అందుకే కొన్నరోజే పిడికి నూనె పట్టించాలి. పెయింట్ల దుకాణంలో లిన్సీడ్ ఆయిల్ దొరుకుతుంది, అంటే అవిసె నూనె. దూది చుట్టిన పుల్లతో గాడి లోపల, ముఖ్యంగా రివెట్టు చుట్టూ రాసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచి, నీడన రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఇలా మూడుసార్లు. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలకు పడేయొద్దు. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టండి. పల్లి నూనె రాస్తే కొన్నాళ్లకు జిగురు పట్టి మడత బిగుసుకుంటుంది.

ఇప్పటికే ఉబ్బి పట్టేసిందా? ఫ్యాను కింద రెండు రోజులు ఉంచండి, ఎండలో పెడితే పిడి పగులుతుంది. అయినా బిగువుగానే ఉంటే సన్న ఉప్పుకాగితం మడిచి రివెట్టు దగ్గరి గాడి గోడలను కొద్దికొద్దిగా రుద్దాలి. ఎక్కువ రుద్దితే ఎండాకాలంలో బ్లేడు ఊగుతుంది, దానికి మందు లేదు.

ఇక ఉక్కు. కార్బన్ బ్లేడుతో ఒక్క పచ్చి మామిడికాయ కోసినా నీలం నలుపు మరక పడుతుంది. ఆ మరకతో నష్టం లేదు, కొంత రక్షణ కూడా. ఎర్ర తుప్పు మాత్రం బ్లేడును తినేస్తుంది. చెమట పట్టిన జేబులో ఒక్క రాత్రి చాలు. కోసిన ప్రతిసారీ తుడిచే అలవాటున్నవాళ్లకు కార్బన్ హాయి, సానరాయి మీద తొందరగా పదునెక్కుతుంది. మిర్చి చేనుకు, పాకాల, తాడ్వాయి అడవులకు పట్టుకుపోయేవాళ్లకు మా సలహా స్టెయిన్‌లెస్సే.

ఇంకో నీలం ఉంది, అది చెడ్డది. సాన చక్రం మీద నీళ్లు లేకుండా పట్టిస్తే వాదర నీలంగా మారుతుంది. ఉక్కు దాదాపు 300 డిగ్రీలు వేడెక్కిందని, పెట్టిన నీరు, అంటే కాల్చి ముంచి ఎక్కించిన గట్టిదనం, పోయి మెత్తబడిందని దాని అర్థం. అక్కడ మళ్లీ పదును నిలవదు. బ్లేడు మందం రెండు మిల్లీమీటర్లు కూడా లేదు కాబట్టి క్షణాల్లో కాలుతుంది. 1000 నంబర్ గరుకున్న సానరాయి తడిపి, ఒక్కోవైపు 20 డిగ్రీల వాలులో ఇంట్లోనే నూరుకోవడం మేలు.

8వ నంబర్ బ్లేడు 8.5 సెంటీమీటర్లు. పండ్లు, సుతిలి, డ్రిప్ పైపు, యాప పుల్లకు సరిగ్గా సరిపోతుంది. 10, 12 నంబర్లు జేబుకు బరువు. 5వ నంబరు దాకా ఉంగరం ఉండదు, పనికి తీసుకోవద్దు. 1955లో వచ్చిన ఈ ఉంగరమే బ్లేడు వేళ్ల మీదికి ముడుచుకోకుండా ఆపేది. వదులైతే పట్టకారుతో కొద్దిగా నొక్కితే సరి. వెదురు చీల్చడం, బెల్లం ముద్దను మొనతో పెకిలించడం దీని పని కాదు. మొన విరుగుతుంది, రివెట్టు దగ్గర పిడి చీలుతుంది. ఆ పనికి కమ్మరి బండి కమాన్ పట్టీతో కొట్టిన కత్తి కావాలి.

కర్ర బాధే వద్దనుకుంటే విక్టోరినాక్స్ పయొనీర్ అనే స్విస్ మడత చాకు చూడొచ్చు. అల్యూమినియం పిడి, గోనెసంచికి చిల్లు పొడవడానికి ఆరె కూడా ఉంది. కానీ బ్లేడుకు తాళం లేదు, స్ప్రింగు మాత్రమే పట్టి ఉంచుతుంది. మొనతో గట్టిగా పొడిస్తే వేళ్ల మీదికి ముడుచుకుంటుంది.

కొనేటప్పుడు బ్లేడు మీద కిరీటం పెట్టిన చెయ్యి ముద్ర ఉందో చూడండి. తర్వాత చాకు మూసి గాడిలోకి చూస్తే బ్లేడు నడుమ ఉండాలి, ఒక గోడకు రాసుకోకూడదు. రాసుకుంటే ఇంకోటి చూపించమనండి.