హిమాలయన్ ఎత్తు తగ్గించే పని: ఆటోనగర్ షెడ్డులో నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డులో నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు ఎత్తు తగ్గించుకున్నాను. వెనక 30 మిల్లీమీటర్లు, ముందు 20 మిల్లీమీటర్లు దిగింది. పని చాలా బాగా చేశారు. నా మెప్పులో ఎక్కువ భాగం స్టాండ్ల పనికే చెందుతుంది. బండిని కిందికి దించేవాళ్లు ఊళ్లో చాలామంది దొరుకుతారు. దించిన బండి రేపు ఇంటి ముందు ఎలా నిలబడుతుందో ముందే ఆలోచించే మేస్త్రీ దొరకడం కష్టం.

నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 50 కిలోలు. కంపెనీ లెక్క ప్రకారం ఈ బండి సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, బరువు 199 కిలోలు. కూర్చుంటే నాకు మునివేళ్లు మాత్రమే నేలకు ఆనేవి. బండి కదులుతుంటే ఏ ఇబ్బందీ లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడో, రోడ్డు ఒక పక్కకి వాలి ఉన్నప్పుడో టెన్షన్. కాలు పెట్టాల్సిన చోట చిన్న గుంత ఉన్నా చాలు, 199 కిలోలు ఆ పక్కకే వస్తాయి.

సీటు ఫోము కోయించుకోమని చాలామంది సలహా ఇచ్చారు. ఖర్చు తక్కువే. కానీ పాడేరు, మారేడుమిల్లి వైపు రోజంతా నడిపేవాళ్లకి ఫోము పల్చబడిన సీటు మీద నడుము నొప్పి ఖాయం. పైగా మోకాళ్లు ఇంకా ఎక్కువ ముడుచుకోవాలి. అందుకే సీటు జోలికి వెళ్లలేదు.

మేస్త్రీ గారు వెంటనే స్పానర్ పట్టుకోలేదు. "ముందు ఎక్కి కూర్చోమ్మా, చూద్దాం" అన్నారు. వెనక చక్రం ఇరుసు నుంచి పైన సీటు కింద పెట్టిన గుర్తు దాకా టేపుతో కొలిచారు. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు ఒకసారి, నేను కూర్చున్నాక ఒకసారి. ఈ రెండు కొలతల తేడానే సాగ్ అంటారు. ఇది మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు ఉండాలి. హిమాలయన్ వెనక చక్రం కదలిక 180 మిల్లీమీటర్లు కాబట్టి 60 దరిదాపుల్లో రావాలి. నా బరువుకి అంత దిగడం లేదు. సీ స్పానర్‌తో ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగింపు) తగ్గిస్తే కొంత దిగింది. ప్రీలోడ్ తగ్గిస్తే స్ప్రింగు మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగు అదే, దాని గట్టిదనమూ అదే. బండి కూర్చునే ఎత్తు మాత్రం మారుతుంది. పొట్టివాళ్లు ఎవరైనా సరే, డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇది చేయించుకోండి. కొందరికి ఇక్కడితోనే సరిపోతుంది. నాకు సరిపోలేదు.

తర్వాత లింకులు. ఈ బండికి వెనక మోనోషాక్ (ఒకే షాక్ అబ్జార్బర్) నేరుగా స్వింగ్‌ఆర్మ్‌కి (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) కాకుండా లింకులనే చిన్న పట్టీలున్న లింకేజీ ద్వారా పనిచేస్తుంది. లింకుల పొడవు మారిస్తే షాక్ అలాగే ఉంటుంది, వెనక చక్రం మాత్రం చాసిస్‌కి దగ్గరగా జరుగుతుంది. అంటే పూర్తిగా నొక్కుకున్నప్పుడు కూడా టైరు మునుపటికన్నా పైకి వెళ్తుంది. అందుకని కొత్త లింకులు బిగించాక వెనక ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెట్టి గట్టిగా ఊగమన్నారు. టైరుకీ మడ్‌గార్డ్ లోపలి వైపుకీ మధ్య జాగా ఎంత మిగిలిందో కింద పడుకుని చూశారు. ఈ పరీక్ష చేయని చోట లింకులు వేయించుకోవద్దు.

"బాబాయ్, వెనక ఒక్కటే దించితే సరిపోదా?" అని అడిగాను.

"సరిపోదమ్మా. ముందు చక్రం తేలికైపోతుంది. మలుపులో బండి మాట వినదు. రాత్రిపూట లైటేమో చెట్ల కొమ్మల మీద పడుతుంది."

ముందు ఫోర్కు గొట్టాలను పట్టుకునే రెండు క్లాంపులూ వదులు చేసి, గొట్టాలను 20 మిల్లీమీటర్లు పైకి జరిపారు. రెండు వైపులా కొలత ఒకటేనా అని వెర్నియర్‌తో చూశారు. ఫోర్కు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ముందు చక్రం, మడ్‌గార్డ్ పైన దేనికీ తగలకూడదు. హ్యాండిల్ రెండు వైపులా చివరి దాకా తిప్పినప్పుడు బ్రేకు గొట్టం, కేబుళ్లు లాగకూడదు. అవన్నీ నా ముందే చూపించారు. చెయిను కూడా మళ్లీ సరిచేశారు. స్వింగ్‌ఆర్మ్ కోణం మారితే చెయిను వదులు మారిపోతుంది కాబట్టి పాత కొలత పనికిరాదు.

ఇక స్టాండ్లు. బండి దిగింది, సైడ్ స్టాండ్ పొడవు తగ్గలేదు. దాంతో బండి ఎడమకి వాలకుండా దాదాపు నిటారుగా నిలబడింది. కుడి వైపు నేల కాస్త పల్లంగా ఉన్నా, గాలి గట్టిగా వీచినా పడిపోతుంది. ఎవరైనా పిల్లలు పక్కన నిలబడి ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. సెంటర్ స్టాండ్‌ది ఇంకో రకం బాధ. వెనక చక్రం పైకి జరిగింది గనక బండిని ఇంతకు ముందుకన్నా ఎక్కువ ఎత్తు లేపితే గానీ స్టాండ్ ఎక్కదు. 50 కిలోల మనిషి వల్ల అయ్యే పని కాదు. నాకు తెలిసిన ఒకాయన వేరే చోట ఇదే పని చేయించుకుంటే స్టాండ్లు ముట్టుకోకుండా ఇచ్చేశారు. "కాస్త చూసి పెట్టుకోండి సార్" అన్నారట. పెట్రోల్ బంకులో బండి కుడి పక్కకి పడి బ్రేకు లివర్ విరిగింది.

ఈ మేస్త్రీ గారు పని మొదలుపెట్టక ముందే, సైడ్ స్టాండ్ మీద బండి ఎంత కోణంలో వాలి ఉందో ఫోనులోని లెవెల్‌తో చూసి గోడ మీద సుద్దతో రాసుకున్నారు. దించాక రెండు టైర్ల కింద సన్నని ప్లైవుడ్ ముక్కలు ఒక్కొక్కటే పేర్చారు, స్టాండ్ మాత్రం నేల మీదే. పాత కోణం వచ్చినప్పుడు ముక్కల మందం 24 మిల్లీమీటర్లు. స్టాండ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి దాని పొడవులో 25 తగ్గాలి. మెత్తటి నేల కోసం పాదం కింద 3 మిల్లీమీటర్ల వెడల్పాటి రేకు వేయమని నేను అడిగాను, దాంతో కోయాల్సింది 28. ఈ లెక్క చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎక్కువ కోస్తే బండి మరీ వాలిపోతుంది, లేపి నిలబెట్టడం కష్టం. తిరిగి అతికించడం ఇంకా కష్టం.

కోసింది కూడా కంపెనీ స్టాండ్‌ని కాదు. విడిగా ఒక స్టాండ్ కొనుక్కు రమ్మన్నారు. అసలుది సంచిలో కట్టి నాకే ఇచ్చారు, రేపు బండి అమ్మినా పాత ఎత్తుకి తేవచ్చు. గొట్టాన్ని వంపు లేకుండా తిన్నగా ఉన్న మధ్య భాగంలో కోసి, లోపల లేతు మీద తీసిన ఇనుప కడ్డీ ముక్క దూర్చి, అంచులు ఏటవాలుగా అరగదీసి వెల్డింగ్ చేశారు. అడుగున కోస్తే పాదం కోణం చెడిపోతుంది, పైన కోస్తే స్ప్రింగు కొక్కెం ఉంటుంది. స్టాండ్ బండి నుంచి విప్పాకే వెల్డింగ్ చేశారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి చాసిస్ మీద వెల్డింగ్ పెడితే కరెంటు ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటర్) దాకా పోయే ప్రమాదం ఉంది. సెంటర్ స్టాండ్‌కి రెండు కాళ్లూ 20 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించారు. వెనక చక్రం నేల నుంచి వేలెడంత లేస్తోంది. చెయినుకి ఆయిల్ వేసుకోవడానికి అది చాలు. ఇప్పుడు నేనొక్కదాన్నే బండిని స్టాండ్ ఎక్కిస్తున్నాను.

లోటు లేదని అనను. కంపెనీ ఇచ్చిన 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ తగ్గింది. అమ్మని వెనక ఎక్కించుకుని పల్లెల్లో ఎత్తయిన స్పీడ్ బ్రేకర్లు దాటుతుంటే సెంటర్ స్టాండ్ గీసుకుంటోంది. అప్పుడు ప్రీలోడ్ పెంచుకోవాలి. మలుపుల్లో బండి ఎక్కువగా వాల్చేవాళ్లకి ఫుట్‌పెగ్ మునుపటికన్నా ముందే తగులుతుంది. రాళ్ల దారుల్లో దూకించే ఉద్దేశం ఉన్నవాళ్లు ఈ పని చేయించుకోవద్దు, దానికి ఉన్న కదలికంతా కావాలి.

ఖర్చు లింకులకి 3,500, విడి సైడ్ స్టాండ్‌తో కలిపి స్టాండ్ల పనికి 2,200, మిగతా కూలి 2,000. పని రెండో రోజుకి పడింది. లేతు పక్క షెడ్డులో కావడంతో అక్కడ కొంత ఆలస్యం. ఉదయమే బండి ఇవ్వడం మంచిది.

బండి తీసుకునేటప్పుడు ఇంజన్ నడుస్తుండగా సైడ్ స్టాండ్ దింపి, క్లచ్ పట్టి గేరు వేయండి. ఇంజన్ ఆగాలి. విప్పి బిగించినప్పుడు సైడ్ స్టాండ్ స్విచ్ సరిగ్గా కూర్చోకపోతే ఇక్కడే బయటపడుతుంది. నాకు మేస్త్రీ గారే చేసి చూపించారు, హెడ్‌లైట్ కూడా గోడ మీద వేసి కిందికి దించి ఇచ్చారు. 500 కిలోమీటర్లు తిరిగాక లింకు బోల్టుల బిగింపు మళ్లీ చూపించుకోమన్నారు. దానికి డబ్బు తీసుకోలేదు.