గుణింతాల రేకుల పెట్టె: ఏడాదిన్నర వాడాక

దీన్ని కొన్నప్పుడు మా అమ్మాయికి ఐదేళ్లు నిండలేదు. ఇప్పుడు ఆరు దాటి నాలుగు నెలలు. మేముండేది బెంగళూరులో, దాని బడిలో తెలుగు లేదు. అక్షరాలు పలక మీద దిద్దించాను గానీ గుణింతం దగ్గర బండి ఆగిపోయింది. ‘కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి’ అని మా అమ్మ ఫోనులో వల్లె వేయిస్తే పాటలా అప్పజెప్పేది. పుస్తకంలో ‘కే’ చూపించి ఇదేమిటి అంటే మాత్రం మళ్లీ ‘క’ దగ్గర మొదలుపెట్టి, వేళ్లు మడుచుకుంటూ అక్కడిదాకా నడిచొచ్చేది.

పెట్టెలో 35 హల్లుల అట్టలు, వాటి మీద పరిచే పారదర్శక ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. ఒక్కో రేకు మీద ఒక గుణింతపు గుర్తో, ఒక వత్తో అచ్చయి ఉంటుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, అట్టల మీద అక్షరాలకు తలకట్టు లేకపోవడం. తలకట్టుకూ విడిగా ఒక రేకు ఉంది. అది తీసి గుడి పెడితే కి, ఏత్వం పెడితే కే. తలకట్టు అలంకారం కాదని, ‘అ’ అనే చప్పుడుకు గుర్తని ఆ పిల్లకు మూడో రోజుకే తెలిసింది. నాకు మాత్రం ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది! 35 హల్లులకు 13 చొప్పున 455 రూపాలు బట్టీ పట్టనక్కరలేదు, రేకులు గుర్తుంటే చాలు. ‘మరి బ, ల, జ లకు తలకట్టు ఏది?’ అని అడిగింది. వాటికి ఉండదమ్మా అన్నాను. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు.

తిప్పలు కొమ్ముతో మొదలయ్యాయి. ‘కు’ కావాలంటే తలకట్టు రేకూ కొమ్ము రేకూ రెండూ పరచాలి. అప్పుడే కదా తలకట్టంటే ‘అ’ అని నేర్పింది! ఇక ‘వ’ మీద కొమ్ము రేకు పెడితే కొమ్ము పక్కన పడి అక్షరం ‘మ’ అయి కూర్చుంది. ‘ఆవు’ రాయబోతే ‘ఆమ’ వచ్చింది. అచ్చు పుస్తకాల్లో పు, ఫు, వులకు కొమ్ము కిందనుంచి మొదలయ్యేది ఇందుకే. తయారుచేసినవారు ఈ మూడింటికి ఇంకో రేకు వేయాల్సింది, వేయలేదు. మి, యి, మొ కూడా ఈ రేకులతో సరిగా కుదరవు. వాటిని పలక మీదే నేర్పాను.

వత్తులకు వచ్చేసరికి పెట్టెతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం మమ్మల్ని నెలన్నర తప్పుదారి పట్టించింది. ముందు గుణింతం, తర్వాత వత్తు పరచమని అందులో ఉంది. మా అమ్మాయి అలాగే పరిచి, అలాగే చదివింది. పిల్లి ‘పి-లి-ల’ అయింది, చెట్టు ‘చె-టు-ట’ అయింది. ‘గుడి పైనే ఉంది కదమ్మా, ముందు అదే కదా పలకాలి?’ అంది. దాని లెక్క తప్పు కాదు. కంటికి గుడి పై అక్షరానిది, చెవికి కింది వత్తుది. ఒక ఆదివారం విసుగొచ్చి పుస్తకం పక్కన పడేసి వరుస తిప్పాను. వట్టి అట్ట పెట్టి ‘ల్’ అనాలి, కింద వత్తు రేకు పెట్టి దాన్ని తాకాలి, చివర్లో గుడి పెడుతూ ‘లి’ అనాలి. రేకులు పడే వరుసే పలికే వరుస అయింది. రెండు వారాల్లో బస్సు, పువ్వు, మిత్రుడు వచ్చేశాయి. కాగితం మీద చూపలేని ముందువెనుకలను చేతితో చూపించగలగడం దగ్గరే ఈ పెట్టెకు పెట్టిన డబ్బు గిట్టింది.

త, న, మ, య, ర, ల వత్తులు తమ అక్షరాల్లా ఉండవు కాబట్టి ఆ రేకుల మూలన అసలు అక్షరాన్ని పెన్నుతో రాసిపెట్టాను. ఏ రేకుకు ఏది పైవైపో తెలియదు, పిల్లలు తిరగేసి పెడతారు. కొన్న రోజే కుడివైపు పైమూల కత్తిరించుకుంటే ఆ బాధ ఉండదు. అట్టలు వానాకాలంలో వంగాయి, అది పెద్ద లోపమేమీ కాదు. ఎక్కువ వాడిన గుడి, దీర్ఘం రేకుల అచ్చు మాత్రం ఏడాదికే చెరిగిపోయింది. చెరగని సిరాతో మళ్లీ గీశాను.

మొన్న సెలవులకు విజయవాడ వెళ్లినప్పుడు బస్సులో సీటు పైన ‘స్త్రీలకు’ అన్న మాట చూసి, ఒళ్లో కనిపించని రేకులు పరుస్తున్నట్టు వేళ్లు కదుపుతూ రెండు స్టాపులు దాటేదాకా దానితో కుస్తీ పట్టింది. చదివింది. ‘రాష్ట్రం’ దగ్గర ఇంకా తడబడుతోంది.

పిల్లతో పాటు కూర్చునే తీరిక రోజుకు పావుగంట ఉంటేనే కొనండి. పెట్టె ఇచ్చేసి పక్కకు వెళితే అవి వట్టి ప్లాస్టిక్ ముక్కలే. వాళ్ల తమ్ముడికి ఇప్పుడు రెండున్నరేళ్లు. వాడి కోసం పెట్టె అటక మీద దాచాను. ‘వు’ రేకు మాత్రం నేనే తయారుచేసుకోవాలి.