24 నెలల ‘ఫిక్స్‌డ్’ బ్రాడ్‌బ్యాండ్: మూడేళ్లు వాడాక

2022 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఇల్లు మారినప్పుడు తీసుకున్న కనెక్షన్ ఇది. నెలకి 32 పౌండ్లు, 24 నెలల ఒప్పందం. కంపెనీ పేరు రాయడం లేదు. యూకేలోని పెద్ద కంపెనీల్లో ఒకటి. అప్పట్లో పెద్ద కంపెనీల్లో చాలావాటిది ఒప్పందం మధ్యలో ధర పెంచే పద్ధతే కాబట్టి పేరుతో పెద్దగా పనిలేదు.

నెట్ సంగతి ముందే చెప్పేస్తాను. 65 ఎంబీపీఎస్ దాకా వచ్చేది. ఇద్దరం ఇంటి నుంచే పని, ఒకేసారి రెండు వీడియో మీటింగులు, పక్క గదిలో పాపకి కార్టూన్లు. అన్నిటికీ సరిపోయింది. రెండేళ్లలో పూర్తిగా పోయింది రెండుసార్లే. వేగానికి వంక పెట్టను. నా గొడవంతా ధరతోనే.

2023 ఫిబ్రవరిలో ‘మీ ప్యాకేజీలో మార్పులు’ అని ఒక మెయిల్ వచ్చింది. ప్రకటన అనుకుని తెరవకుండా వదిలేశాను. ఏప్రిల్ బిల్లు 36.61 అని వచ్చాక వెనక్కి వెళ్లి వెతికి చదివాను. డిసెంబరు నాటి ద్రవ్యోల్బణం 10.5 శాతం, దానిమీద కంపెనీ వేసుకున్న 3.9 శాతం, వెరసి 14.4 శాతం పెంపు. ద్రవ్యోల్బణం సరే, అది లోకమంతా ఉన్నదే. ఆ పైన 3.9 ఎందుకో మూడేళ్లయినా నాకు అర్థం కాలేదు.

తెనాలిలో నాన్నకి చెబితే నమ్మలేదు. అక్కడ ఆయన ఆరు నెలలకి ఒకేసారి కట్టేస్తారు. “కట్టేశాక మధ్యలో వాడెట్లా పెంచుతాడ్రా? నువ్వు సంతకం పెట్టావా?” అని అడిగారు. సంతకం ఏమీ పెట్టలేదు, ఫోన్‌లో ఓకే అన్నానంతే అన్నాను. “అయితే ఏం ఒప్పుకున్నావో చూసుకో” అన్నారు. తర్వాత తెలిసింది, మొత్తం వ్యవహారంలో పనికొచ్చిన సలహా అదొక్కటేనని.

కానీ నేను ముందు చూసుకోలేదు, ముందు ఫోన్ చేశాను. నలభై నిమిషాలు హోల్డ్‌లో పెట్టారు. ఆ తర్వాత వచ్చిన కుర్రాడితో న్యాయం గురించి మాట్లాడాను. నా జీతం 14 శాతం పెరగలేదన్నాను. అతను చాలా మర్యాదస్తుడు. “నిజమే సార్, నా బిల్లూ పెరిగింది” అన్నాడు. అన్నాక, పెంపు షరతుల్లో ముందే ఉంది, మధ్యలో మానేయాలంటే సుమారు 380 పౌండ్లు కట్టాలి అన్నాడు. మిగిలిన 16 నెలలకి లెక్క కట్టి కాస్త తగ్గించి చెప్పిన అంకె అది. ఫోన్ పెట్టేశాక చేతిలో టీ చల్లారిపోయి ఉంది.

అతను చెప్పింది తప్పు కాదు. యూకే టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమాల ప్రకారం, ఒప్పందంలో లేని పెంపు మనమీద వేస్తే కనీసం నెల ముందు చెప్పాలి, రుసుము లేకుండా బయటికి పోవడానికి మనకి 30 రోజులు ఇవ్వాలి. అదే పెంపు గానీ, పెంచే సూత్రం గానీ మొదట్లోనే ఒప్పందంలో రాసి ఉంటే ఆ హక్కు రాదు. ‘ఎందుకు పెంచారు’ అని ఎంత అడిగినా జవాబు ఒక్కటే, రాసి ఉంది కాబట్టి. అడగాల్సింది ‘ఈ సంగతి నాకు ఎప్పుడు, ఎలా చెప్పారు’ అని. ఈ తేడా బుర్రకెక్కడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఈలోగా మా తెలుగు వాట్సాప్ గ్రూపులో సలహాలు మొదలయ్యాయి. “డైరెక్ట్ డెబిట్ ఆపేయ్ అన్నయ్యా, వాళ్లే దారికొస్తారు” అన్నాడొక తమ్ముడు. డైరెక్ట్ డెబిట్ అంటే బిల్లు నెలనెలా బ్యాంకు నుంచి దానంతటదే పోవడం. దయచేసి దాన్ని ఆపకండి. మాకు తెలిసినవాళ్లలో ఒకరు అలాగే ఆపేసి, కంపెనీ అది బాకీ కింద రాసేస్తే, ఏడాది తర్వాత ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు క్రెడిట్ రిపోర్టులో అదే అడ్డం పడింది. నలభై పౌండ్ల గొడవ, లక్షల పౌండ్ల లోన్‌కి టెన్షన్. నేను మాత్రం ప్రతి నెలా పూర్తిగా కడుతూనే పోట్లాడాను.

అప్పుడు చేసిన పని, అమ్మకం జరిగిన కాల్ రికార్డింగ్ అడగడం. డేటా రక్షణ చట్టం కింద మన గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం కాపీ అడగొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, మామూలుగా నెల రోజుల్లో ఇవ్వాలి. ఇరవై ఆరో రోజున ఆడియో ఫైలు వచ్చింది. రాత్రి పాప పడుకున్నాక వంటింటి బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరం విన్నాం.

మన గొంతు మనమే వినడం ఎంత ఇబ్బందో! కనెక్షన్ అమ్మినాయన చెప్పే ప్రతిదానికీ నేను “ఓకే ఓకే” అంటున్నాను. రూటర్ నాలుగు రోజుల్లో వస్తుంది, ఓకే. మొదటి బిల్లు కాస్త ఎక్కువ ఉంటుంది, ఓకే. పదకొండో నిమిషంలో, నాకే గుర్తులేదు, ఒక మంచి ప్రశ్న అడిగాను: “24 నెలలూ ధర మారదు కదా?” ఆయన జవాబు: “ఇది 24 నెలల ఫిక్స్‌డ్ కాంట్రాక్టు సార్.” తర్వాత షరతులు గబగబా చదివాడు. సరిగ్గా అక్కడ కుక్కర్ విజిల్. “ఏమండీ, అది మనదే” అంది మా ఆవిడ, ఏదో నేరం బయటపడ్డట్టు. ఆ ముక్క ఏడెనిమిది సార్లు వెనక్కి తిప్పి విన్నాం. విజిల్‌కి ముందూ వెనకా ఏప్రిల్ అన్న మాట లేదు. విజిల్ కింద ఉందేమో దేవుడికే తెలియాలి.

కానీ అసలు కిటుకు ఆ జవాబులో ఉంది. నేను ధర ఫిక్స్‌డా అని అడిగాను. ఆయన కాంట్రాక్టు ఫిక్స్‌డ్ అన్నాడు. కదలకుండా ఫిక్స్ అయింది నేను, ధర కాదు.

ఇంకొకటి కూడా దొరికింది. 2022 జూన్ 17 నుంచి, కస్టమర్ ఒప్పందానికి కట్టుబడక ముందే ముఖ్యమైన షరతులతో ఒక చిన్న సారాంశం ఇవ్వాలన్నది నియమం. నాకు ఆ మెయిల్ కాల్ ముగిసిన 34 నిమిషాల తర్వాత వచ్చింది. రెండో పేజీలో, ధర కింద, పెంపు సూత్రం ఉంది. చదివితే తెలిసేది. ఇల్లు మారే వారంలో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఎవరు చదువుతారు?

ఈసారి ఫోన్ చేయలేదు, రాశాను. ఒక పేజీ మించకుండా, న్యాయం ఊసు లేకుండా, పదకొండో నిమిషం ప్రశ్న, దానికి జవాబు, మెయిల్ వచ్చిన సమయం, నాకు కావలసింది. మొదట 10 పౌండ్లు ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. 25 అన్నారు. మనసు లాగింది, నిజం చెప్పాలి. చట్టం మీకు 14 రోజులు ఆలోచించుకునే గడువు ఇచ్చింది కదా అని కూడా రాశారు. అది వాళ్ల బలమైన వాదన. అప్పటి నియమం ప్రకారం 8 వారాలు దాటాక, లేదా ఇక తేలదని కంపెనీయే లేఖ ఇస్తే, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే స్వతంత్ర సంస్థకి వెళ్లొచ్చు. కమ్యూనికేషన్స్ అంబుడ్స్‌మన్, సిసాస్ అని రెండున్నాయి, మన కంపెనీ ఏ దాంట్లో ఉంటే దానికే వెళ్లాలి. మనకి ఖర్చు లేదు. వాళ్ల తీర్పు మనం ఒప్పుకుంటే కంపెనీ పాటించాల్సిందే.

నేనూ వెళ్లాను. తీర్పు జులైలో వచ్చింది. ధర పెంపు చెల్లుతుంది, అందులో నేను ఓడిపోయాను. కానీ సూటిగా అడిగిన ప్రశ్నకి తప్పుదోవ పట్టించే జవాబు ఇచ్చారు కాబట్టి 50 పౌండ్లు, కావాలంటే 30 రోజుల్లో రుసుము లేకుండా వెళ్లిపోయే వీలు.

వెళ్లానా? వెళ్లలేదు. రెండు సాయంత్రాలు కూర్చుని వేరే కంపెనీలు చూస్తే, మా వీధికి వచ్చే పెద్దవన్నీ అదే 3.9 పాట పాడుతున్నాయి. ఎలాగూ అక్కడే ఉండిపోయాను. 2024 ఏప్రిల్‌లో మళ్లీ 7.9 శాతం వేశారు, బిల్లు 39.50 అయింది. 24 నెలల మీద నేను అదనంగా కట్టింది 85 పౌండ్లు, తిరిగొచ్చింది 50. దానికోసం పోయిన సాయంత్రాలు లెక్కేయడం లేదు. మా ఆవిడ వేస్తుంది.

2024 సెప్టెంబరు చివర్లో కంపెనీ మారాను. ఆ నెల 12 నుంచే ‘వన్ టచ్ స్విచ్’ మొదలైంది. కొత్త కంపెనీకి చెబితే చాలు, పాతదాన్ని వాళ్లే ఆపిస్తారు. ఉండిపొమ్మని బతిమాలే కాల్ వినక్కర్లేదు. మూడేళ్లలో నాకు నిజంగా నచ్చిన మార్పు ఇదొక్కటే.

కొత్త ఒప్పందం నెలకి 29, ప్రతి ఏప్రిల్‌లో 3 పౌండ్లు పెరుగుతుందని మొదటి పేజీలోనే రాసుంది. 2025 జనవరి 17 నుంచి కొత్త ఒప్పందాలన్నిటికీ ఆఫ్‌కామ్ ఇదే తప్పనిసరి చేసింది, ద్రవ్యోల్బణం సూత్రాలు కుదరవు, పెంపు పౌండ్లలో, పెన్నీల్లో ముందే చెప్పాలి. మంచిదే, బిల్లు ఎంతొస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. తక్కువ అవుతుందని మాత్రం ఎవరూ అనలేదు. 29 మీద 3 అంటే పది శాతం పైనే. పాత సూత్రమే ఉండి ఉంటే 2024 డిసెంబరు ద్రవ్యోల్బణం 2.5తో కలిపి 6.4 శాతం, అంటే 1.86 పెరిగేది. చవక ప్లాను తీసుకున్నవాడికే దెబ్బ ఎక్కువ.

రాసిన అంకె దాటితే ఏమవుతుందో 2025 అక్టోబరులో మొబైల్ కస్టమర్లు చూశారు. ఓటూ కంపెనీ నెలకి 1.80 పెంచుతామని చెప్పి, దాన్ని 2.50 చేసింది. కస్టమర్లకి 30 రోజుల్లో వెళ్లిపోయే హక్కు ఇచ్చింది, కాబట్టి నియమం మీరలేదు. నియమంలో సందు అంత వెడల్పన్నమాట. ఫోన్ వాయిదాలు బాకీ ఉన్నవాళ్లు అవి కట్టుకుంటేనే కదలగలరు.

నాకూ 2025 ఏప్రిల్‌లో 32 రావాల్సింది 34.50 వచ్చింది. నేనెప్పుడూ అడగని వైఫై బూస్టర్ తాలూకు 2.50. ఒప్పంద సారాంశం ఫొటో తీసి చాట్‌లో పెట్టి, “ఇందులో ఇది ఎక్కడుందో చూపించండి” అని ఒక్క వాక్యం రాశాను. ఇరవై నిమిషాల్లో తీసేశారు. రెండేళ్ల కిందటి నేనైతే మళ్లీ జీతం సంగతి ఎత్తేవాణ్ణి.

రేటింగ్ అడిగితే, మొదటి కంపెనీ నెట్‌కి ఐదుకి నాలుగు, ఒప్పందానికి ఒకటిన్నర. రెండోదానికి మూడున్నర, మూడు. 2026 ఏప్రిల్ బిల్లు 35 అని ముందే తెలుసు కాబట్టి కోపం కూడా రావడం లేదు. 2026 సెప్టెంబరులో గడువు తీరుతుంది. మళ్లీ కొత్త ఒప్పందం మాట్లాడే రోజున కుక్కర్ పెట్టనని మా ఆవిడ ఇప్పటికే మాటిచ్చింది.