పాత డెస్క్‌టాప్‌కు టీపీ-లింక్ యూబీ500 బ్లూటూత్ డాంగిల్

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసిపోవడంతోనూ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని మా పాత డెస్క్‌టాప్‌కు విండోస్ 11 అర్హత దక్కకపోవడంతోనూ, అందులో లినక్స్ రకానికి చెందిన ఉబుంటు 24.04 ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాము. అంతవరకు చక్కగా పనిచేసిన పేరులేని బ్లూటూత్ డాంగిల్ (కంప్యూటర్‌కు బ్లూటూత్ అందించే చిన్న యూఎస్‌బీ పరికరం) ఆ తర్వాత జాబితాలో కనిపిస్తున్నా హెడ్‌సెట్‌తో జతకట్టడం మానేసింది. అటువంటి చవక డాంగిళ్లలో సీఎస్‌ఆర్ కంపెనీ బ్లూటూత్ చిప్‌కు నకళ్లు తరచుగా ఉంటాయి. లినక్స్‌లో అవి ఎప్పుడు మొండికేస్తాయో చెప్పలేము.

ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో, పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటామని మాట ఇచ్చి మరీ ఈ యూబీ500 ఇచ్చారు. ఆ మర్యాదకు వారిని మెచ్చుకోవాలి. గోరంత ఉండే ఈ పరికరంలోని రియల్‌టెక్ చిప్‌కు డ్రైవర్ లినక్స్ కెర్నెల్ (మూల భాగం)లోనే, చిప్‌ను నడిపించే ఫర్మ్‌వేర్ ఉబుంటుతో వచ్చే ప్యాకేజీలోనే ఉన్నందున, వేరే డౌన్‌లోడ్ ఏదీ లేకుండా, పెట్టిన వెంటనే సెట్టింగ్స్‌లో బ్లూటూత్ వచ్చేసింది.

అయితే నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టుకు తగిలించిన హార్డ్‌డిస్క్ పక్కనే దీన్ని పెడితే, ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ పాట తెగి తెగి వినిపించేది. యూఎస్‌బీ 3.0 వెలువరించే రేడియో రొద బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పడుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను బల్లమీదికి తెచ్చాక మా అమ్మాయి ఆన్‌లైన్ తరగతులు అంతరాయం లేకుండా వింటోంది. ఆ కేబుల్ కూడా పెట్టెలోనే ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేది.